ముందు ఏది కనపడాలి?

కొన్నేళ్ల కిందట నాగాయలంకలో, కరకట్ట పక్కన టీ బడ్డీ దగ్గర, ఒక పెద్దాయన ఫోనులో నేను చేసిన మ్యాప్ తెరిచి ఆయన చేతికిచ్చాను. తుపాను వస్తే దివిసీమలో ఏ ఊరివాళ్లు ఏ షెల్టరుకి చేరాలో చెప్పే మ్యాప్ అది. నాలుగు నెలలు కూర్చుని చేసిన పని. ఆయన ఎండకి అరచెయ్యి అడ్డం పెట్టి చూశాడు. ఫోను దూరంగా పట్టుకుని చూశాడు, మళ్లీ దగ్గరికి తెచ్చుకున్నాడు. వేలు తెర మీద కాసేపు తచ్చాడి, లావుపాటి ఎర్రగీత ఒకదాని మీద ఆగింది.

“నీళ్లు ఇక్కడిదాకా వస్తాయంటావా బాబూ?”

అది అవనిగడ్డ వెళ్లే రోడ్డు. నీళ్లొస్తే ఆయన పోవాల్సింది ఆ రోడ్డు మీదే.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన మనిషి ఆయన. తుపాను మ్యాప్ అని చెప్పి చేతిలో పెడితే ఎర్రగీతని ప్రమాదం అనుకోక ఇంకేమనుకుంటాడు? ఇక షెల్టర్లేమో ఆకుపచ్చ రంగులో చిన్న చిన్న ఇళ్ల గుర్తులు. వాటి వెనక వరి పొలాలు, అవీ ఆకుపచ్చే. ఆఫీసులో పెద్ద మానిటర్ మీద ఆ గుర్తులు నాకు చక్కగా కనపడ్డాయి. మిట్టమధ్యాహ్నం, గీతలు పడిన పాత ఫోను మీద అవి పొలాల్లో కలిసిపోయాయి. నా మ్యాప్‌లో తప్పు సమాచారం ఒక్కటీ లేదు. ప్రతి షెల్టరు దగ్గరికీ వెళ్లి జీపీఎస్‌తో గుర్తించినవే. అయినా ఆ మ్యాప్‌ని నమ్ముకుని బయల్దేరిన మనిషి ఎదురుదిక్కుకి పోయేవాడు.

ఆ రోజు నుంచి ఏ మ్యాప్ మొదలుపెట్టినా నేను అడుగుతున్న మొదటి ప్రశ్నే ఈ అధ్యాయం పేరు. డిజిటల్ మ్యాప్ రూపకల్పన మీద పుస్తకాలు చాలా ఉన్నాయి, సూత్రాలు చాలా ఉన్నాయి. వాటన్నిటినీ నేను ఈ ప్రశ్న దగ్గరికే తెచ్చి పరీక్షిస్తాను.

ఒక్క వాక్యం రాసుకోండి

మ్యాప్ చెయ్యడం ఇవాళ ఎవరికైనా అందే పని. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ 2004లో మొదలైంది, గూగుల్ మ్యాప్స్ 2005లో, మన ఇస్రో వాళ్ల భువన్ 2009లో వచ్చాయి. క్యూజీఐఎస్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. మీరు పంచాయతీ పని మీద ఉన్నా, కాలేజీ ప్రాజెక్టు మీద ఉన్నా, సొంత ఆప్ కడుతున్నా ఒక వారంలో మ్యాప్ తెర మీదికి తేగలరు. చిక్కు ఆ సులువులోనే ఉంది. నేల రకాల లేయర్ దొరికిందా, వేసేద్దాం. కాలవలు దొరికాయా, వేసేద్దాం. దొరికిందల్లా వేసుకుంటూ పోతే ఆఖరికి చూసేవాడికి ఏదీ దొరకదు.

అందుకని సాఫ్ట్‌వేర్ తెరవకముందే కాగితం మీద ఒక్క వాక్యం రాసుకోండి. ఎవరు చూస్తారు, ఎక్కడ నిలబడి చూస్తారు, చూసి ఏం చేస్తారు. నా రెండో ప్రయత్నానికి నేను రాసుకున్న వాక్యం ఇది: తుపాను హెచ్చరిక వచ్చిన పూట, దివిసీమలో ఒక ఇంటి పెద్ద, వాన జల్లులో, పాత ఫోనులో చూసి, తన ఇంటికి దగ్గరి షెల్టరు ఏదో, ఏ రోడ్డున వెళ్లాలో తేల్చుకోవాలి. ఈ వాక్యం గోడకి అంటించుకున్నాక నేల రకాలు ఎగిరిపోయాయి. మండలాల హద్దులు ఎగిరిపోయాయి. నీళ్లకి భయపడి పారిపోయే మనిషి తను ఏ మండలంలో ఉన్నాడో చూసుకోడు.

1854లో లండన్‌లోని సోహోలో కలరా వచ్చినప్పటి మ్యాప్ ఒకటి ఉంది, డాక్టర్ జాన్ స్నో తయారుచేసింది. తన వాదన నిరూపించడానికి ఆయన దాన్ని తర్వాత తీరిగ్గా ప్రచురించాడు. అందులో వీధులు సన్నటి గీతలు. చావు జరిగిన ఇంటి ముందు ఒక్కో మనిషికి ఒక్కో నల్ల పట్టీ, వరసగా పేర్చి ఉంటాయి. నీళ్ల పంపులకి చిన్న గుర్తులు. అంతకంటే చెప్పుకోదగింది ఏమీ లేదు. బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ నల్ల పట్టీలు గుమిగూడి ఉండటం అక్షరం ముక్క రానివాళ్లకి కూడా తెలిసిపోతుంది. చావులు ఏ పంపు చుట్టూ అన్నది ఆయన వాక్యం. ఆ వాక్యానికి పనికిరానిదేదీ ఆయన గీత లావు చెయ్యలేదు.

మనం రాసుకున్న వాక్యం ఒక్కోసారి భూగోళాన్నే పక్కన పెట్టమంటుంది. లండన్ భూగర్భ రైలుకి హ్యారీ బెక్ అనే ఎలక్ట్రికల్ డ్రాఫ్ట్స్‌మన్ 1931లో గీసిన పటం 1933లో అచ్చయింది. స్టేషన్ల మధ్య అసలు దూరాలు, మలుపులు తీసేసి, అన్నిటినీ తిన్నటి గీతల మీద పెట్టాడు. మన హైదరాబాద్ మెట్రో పటం కూడా ఆ దారిలోదే. అమీర్‌పేటలో ఎర్ర లైను దిగి నీలం లైను ఎక్కాలనుకునే మనిషికి పట్టాలు ఏ వీధి మీదుగా వంపు తిరిగాయో అక్కర్లేదు. ఎన్నో స్టేషను, ఎక్కడ మారాలి అన్నవి కావాలి.

కళ్లాపి చల్లాకే ముగ్గు

పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేసేవాళ్లని గమనించండి. ముందు ఊడ్చి, కళ్లాపి చల్లుతారు. నేల ముదురు రంగుకి తిరిగాక పిండి గీత పెడతారు. ఆ గీత అంత తెల్లగా లేచి కనపడటంలో సగం పని కళ్లాపిది.

మ్యాప్‌లో ఆ కళ్లాపిని బేస్‌మ్యాప్ అంటాం: నేల, నీళ్లు, రోడ్లు, ఊళ్ల పేర్లు. వెబ్‌లో దొరికే రెడీమేడ్ బేస్‌మ్యాపులు చాలావరకు వాటంతట అవే ఒక పూర్తి మ్యాప్. పార్కులు పచ్చగా, హైవేలు ముదురుగా, హోటళ్లకి, గుళ్లకి ఐకాన్లు. వాటి మీద మీ సమాచారం పెడితే ముగ్గు మీద ముగ్గు వేసినట్టుంటుంది. నా మొదటి తప్పు అదే. రెండోసారి నేల లేత గోధుమ రంగు చేశాను, కృష్ణ పాయల్ని, సముద్రాన్ని పాలిపోయిన నీలం చేశాను, పొలాలు తీసేశాను. రోడ్లు రెండే రకాలు: షెల్టరుకి చేర్చేవి ముదురు బూడిద రంగులో లావుగా, మిగతావి సన్నగా తెల్లగా. షెల్టరు గుర్తు ముదురు ఊదా రంగు గుండ్రం, లోపల తెల్లటి ఇల్లు. తెర మొత్తం మీద అంత ముదురు రంగు మరొకటి లేకుండా చూసుకున్నాను.

సరిగ్గా కుదిరిందా లేదా తెలుసుకోవడానికి రెండు చిట్కాలు. కళ్లు సగం మూసి చూడండి; అప్పుడు కూడా నిలబడి ఉన్నదే మీ మ్యాప్‌లో అన్నిటికంటే ముందు మాట్లాడేది. అది మీరు రాసుకున్న వాక్యంలో ఉందా? రెండోది, ఫోనుని నలుపు తెలుపులోకి మార్చి చూడండి. రంగులు పోయినా క్రమం నిలవాలి.

ఈ క్రమానికి ఒక వ్యాకరణం రాసిన మనిషి ఫ్రాన్స్‌కి చెందిన జాక్ బెర్టిన్. 1967లో వచ్చిన ఆయన పుస్తకం సెమియాలజీ గ్రాఫిక్ ఇవాళ్టికీ మా వృత్తికి పెద్దబాలశిక్ష. కాగితం మీద ఒక గుర్తులో మనం మార్చగలిగినవి కొన్నే అంటాడు: అది ఉన్న చోటు, పరిమాణం, ముదురు-లేత, అల్లిక, రంగు, వాలు, ఆకారం. ఒక్కొక్కటి ఒక్కో రకం మాట చెప్పగలదు. ఎంత అనేది చెప్పాలంటే పరిమాణం. ఏది ఎక్కువ, ఏది తక్కువ అనేందుకు ముదురు-లేత. ఏ రకం అనేందుకు రంగు, ఆకారం. ఈ మూడింటినీ కలగాపులగం చేస్తే కన్ను తికమకపడుతుంది.

500 మంది పట్టే షెల్టరు నీలం, 1000 మంది పట్టేది నారింజ అని పెట్టారనుకోండి. నీలం కంటే నారింజ ఎక్కువ అని ఏ కన్నూ ఒప్పుకోదు. పక్కన ఉన్న వివరణ పట్టిక చదివితే తప్ప తెలియదు. గుండ్రం సైజుతో చెప్తే పట్టిక అక్కర్లేదు. ఇక్కడ ఒక లెక్క జాగ్రత్త. కన్ను గుండ్రం వైశాల్యాన్ని చూస్తుంది, అడ్డకొలతని చూడదు. 2000 మంది పట్టే షెల్టరుకి 500 మంది పట్టేదానికంటే నాలుగు రెట్ల వైశాల్యం కావాలి, అంటే అడ్డకొలత రెండు రెట్లే. అడ్డకొలతనే నాలుగు రెట్లు చేస్తే వైశాల్యం పదహారు రెట్లవుతుంది, పక్క ఊళ్లన్నీ దాని కింద పడిపోతాయి.

రంగు ముందే మాట్లాడేసి ఉంటుంది

మనం రంగు వేసేసరికే దానికి అర్థం ఉంది. వాతావరణ శాఖ హెచ్చరికల్లో ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు అని నాలుగు మెట్లు ఉన్నాయి. ఆ నాలుగూ టీవీలో చూసీ చూసీ ఊరివాళ్ల కళ్లకి అలవాటైపోయాయి. కొత్త తుపాను మ్యాప్ చేసేవాళ్లు ఆ అలవాటుని వాడుకోవాలి, లేదా దాని జోలికి పోకూడదు. ఎరుపుని రోడ్డుకి పెట్టడమంటే ఆ అలవాటుతో తగువుకి దిగడమే.

మెట్లు మెట్లుగా పెరిగే అంకెలకి ఒకే రంగు లేత నుంచి ముదురుకి పోవాలి. మధ్యలో ఒక సున్నా లాంటి హద్దు ఉండి అటూ ఇటూ పెరిగే వాటికి, సాధారణ వర్షపాతం కంటే ఎక్కువ, తక్కువ లాంటి వాటికి, రెండు రంగులు మధ్యలో లేతగా కలవాలి. రకాలు మాత్రమే చెప్పేందుకు వేరువేరు రంగులు, అవి కూడా ఐదారు దాటకుండా. ఈ మూడు రకాల వరసల్నీ పరీక్షించి, సిద్ధంగా పెట్టిన ఉచిత సాధనం కలర్‌బ్రూయర్. అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీకి చెందిన సింథియా బ్రూయర్ పేరు మీద ఉంది. రంగుల విషయంలో సొంత అభిరుచికి పోయేకంటే ముందు అక్కడికి వెళ్లి చూడండి. ఇంద్రధనుస్సు వరసని మాత్రం దయచేసి వాడకండి. ఊదా నుంచి ఎరుపు దాకా పోయే దారిలో పసుపు దగ్గర కన్ను ఒక్కసారి ఉలిక్కిపడుతుంది. అక్కడ అంకెల్లో ఏ గొడవా లేకపోయినా మ్యాప్‌లో ఏదో జరిగినట్టుంటుంది.

ఎరుపు, ఆకుపచ్చల తేడా పట్టుకోలేని కళ్లు కొన్ని ఉంటాయి. ఉత్తర యూరప్ మూలాలున్న మగవాళ్లలో ఇది సుమారు 8 శాతం. మన దగ్గర అంతకంటే తక్కువే. కానీ నూటికి ఇద్దరు ముగ్గురే అనుకున్నా, ఒక షెల్టరులో వెయ్యి మంది తలదాచుకుంటే ఎందరవుతారో లెక్క వేసుకోండి. అందుకే తెరిచి ఉన్న షెల్టరు, నిండిపోయిన షెల్టరు తేడాని నేను రంగుతో ఒక్కదానితోనే చెప్పను. నిండినదాని మీద అడ్డగీత కూడా ఉంటుంది. పేర్లకి, వాటి వెనకున్న నేలకి మధ్య వెలుగు తేడా కనీసం 4.5:1 ఉండాలని వెబ్ సౌలభ్య ప్రమాణాలు చెప్తాయి. అది కనీసం మాత్రమే. ఎండలో చదివే మ్యాప్‌కి నేను ఎప్పుడూ ఇంకా పైనే ఉంచుతాను.

రంగు పూసిన జిల్లా

జిల్లాల మీద అంకెని బట్టి రంగు పూసే మ్యాపులు పత్రికల్లో రోజూ చూస్తాం. అక్కడ కన్ను చేసే మోసం ఒకటి చెప్పి ముందుకెళ్తాను.

2011 జనగణన నాటికి హైదరాబాద్ జిల్లా 217 చదరపు కిలోమీటర్లు, 39 లక్షల పైచిలుకు జనం. అప్పటి ఆదిలాబాద్ జిల్లా 16 వేల చదరపు కిలోమీటర్ల పైమాట, 27 లక్షల పైచిలుకు జనం. ఏదో ఒక అంకెకి రంగు పూయగానే తెర మీద ఆదిలాబాద్ విశాలంగా పరుచుకుంటుంది, హైదరాబాద్ చుక్కలా ఉంటుంది. ఎక్కువ మంది ఉన్నది ఆ చుక్కలో. కాబట్టి మనుషుల సంఖ్యకి, కేసుల సంఖ్యకి జిల్లా మొత్తం రంగు పూయకండి. వాటికి గుండ్రాలు పెట్టండి. రంగు పూయాలంటే లక్ష మందికి ఎన్ని, చదరపు కిలోమీటరుకి ఎందరు అని భాగించిన అంకెకి పూయండి.

ఏ తేదీ నాటి హద్దులో కూడా మ్యాప్ మీదే రాయండి. 2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 కాస్తా 26 అయ్యాయి. 2011 అంకెల్ని కొత్త హద్దుల మీద అలాగే పోస్తే, అప్పటికి లేని జిల్లాకి అప్పటి జనాభా వచ్చి కూర్చుంటుంది. దేశ సరిహద్దు విషయం ఇంకా గట్టిది. సర్వే ఆఫ్ ఇండియా పటంతో సరిపడని సరిహద్దు ప్రచురిస్తే 1961 నాటి చట్టం కింద ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. విదేశీ బేస్‌మ్యాపుల్లో కశ్మీర్ దగ్గర తరచు చుక్కల గీతలుంటాయి. ప్రచురించే ముందు దేశం మొత్తం కనపడేలా జూమ్ తగ్గించి ఒకసారి చూసుకోండి.

తెలుగు అక్షరం మ్యాప్ ఎక్కితే

మ్యాపుల మీద అక్షరాలు ఎలా ఉండాలో చెప్పే పాఠాలు దాదాపు అన్నీ రోమన్ లిపి కోసం రాసినవి. నేను ఎక్కువగా దెబ్బలు తిన్నదీ, ఎక్కువగా ప్రేమించేదీ ఈ చోటే కనక కాస్త నిదానంగా చెప్తాను.

నాగాయలంక నుంచి వచ్చాక మ్యాప్‌లో పేర్లన్నీ తెలుగులోకి మార్చాను. ఫోనులో తెరిచి చూస్తే మోపిదేవి బాగానే ఉంది. కోడూరు బాగానే ఉంది. పైకి జరిపితే చల్‌లపల్‌లి అని ఉంది. పక్కనే అవనిగడ్‌డ. ఒత్తులు కిందికి దిగకుండా, పొల్లులు నెత్తిన పెట్టుకుని, పక్కన వచ్చి నిలబడ్డాయి. ఊరి పేరుని ఎవరో విరిచి ముక్కలు పెట్టినట్టు అనిపించింది.

కారణం ఇది. కొన్ని మ్యాప్ లైబ్రరీలు వేగం కోసం ఒక్కొక్క అక్షరాన్ని విడి బొమ్మగా దాచుకుని, రాయాల్సినప్పుడు ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతాయి. రోమన్ లిపికి అది చాలు. తెలుగులో ల కి ల ఒత్తు ఇస్తే రూపం మారుతుంది, చోటు మారుతుంది. ఆ కూర్పు తెలిసిన ఇంజను ఉండాలి. కాబట్టి తెలుగు పేర్లు వెయ్యదలిస్తే లైబ్రరీ ఎంచుకునే ముందే పరీక్షించండి. బ్రౌజరు చేతనే అక్షరాలు రాయించే పద్ధతి, లేదా సర్వర్‌లోనే పేర్లతో సహా బొమ్మలుగా తయారుచేసి పంపే పద్ధతి సురక్షితం. నా దగ్గర ఒక పరీక్ష వరస ఉంది: చల్లపల్లి, అవనిగడ్డ, మచిలీపట్నం, శ్రీకాకుళం, ఆళ్లగడ్డ, రాజమహేంద్రవరం. ఇవి ఆరూ సరిగ్గా వస్తే మిగతా ఊళ్లకి పెద్దగా భయం లేదు.

అక్షరం విరక్కుండా వచ్చాక సైజు. మన అక్షరం నెత్తిన గుడి ఉంటుంది, కింద ఒత్తు ఉంటుంది, ఒత్తుకి మళ్లీ ఒత్తు ఉండొచ్చు. ఆ ఎత్తులో నడుము భాగం చిన్నదైపోతుంది. అందుకని ఇంగ్లిషు పేరు 11లో పెడితే తెలుగు పేరు 13, 14లో పెట్టడం నా అలవాటు. రెండు వరసల పేరైతే పై వరస ఒత్తు కింది వరస గుడిని గుద్దుకుంటుంది. వరసల మధ్య ఖాళీ ఇంగ్లిషుకి ఇచ్చినదానికంటే పెంచండి. మరీ లావు ఫాంటు వద్దు. ప, ష, ఫ మధ్య తేడా ఒక చిన్న గీత. చిన్న సైజులో లావు చేస్తే ఆ గీత మూసుకుపోతుంది. నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటి ఫాంట్లు మామూలు మందంలోనే మ్యాప్ మీద హాయిగా చదివిస్తాయి. పేరు చుట్టూ వేసే లేత అంచు సన్నగా, నేల రంగులోనే ఉండాలి. తెల్లగా లావుగా వేస్తే పేరు స్టిక్కరులా కనపడుతుంది.

పాత పటాల్లో జిల్లా పేరుని అక్షరానికీ అక్షరానికీ దూరం పెంచి, జిల్లా అంతా పరిచేవాళ్లు. తెలుగులో ఆ పని చేస్తే చదివే ఊపు పోతుంది. సాఫ్ట్‌వేర్ ఒత్తుని కూడా విడదీసే ప్రమాదం ఉంది. దానికి బదులు పెద్ద సైజు, లేత రంగు వాడండి. నదుల పేర్లు వాలు అక్షరాల్లో రాయడం రోమన్ సంప్రదాయం. మన ఫాంట్లలో నిజమైన వాలు రూపాలు అరుదు. కంప్యూటరు బలవంతాన వంచిన తెలుగు కంటికి నొప్పి. నది పేరుకి నీలం రంగు ఇస్తే సరిపోతుంది.

పేరు ఎక్కడ పెట్టాలన్నదానికి స్విట్జర్లాండ్ పటకర్త ఎడ్వర్డ్ ఇమ్‌హోఫ్ చెప్పిన నియమాలే ఇప్పటికీ ఆధారం. ఊరి చుక్కకి కుడివైపు కాస్త పైన మొదటి ఎంపిక. సముద్రం ఒడ్డున ఉన్న ఊరి పేరు నీళ్లలోకి రాయాలి. అప్పుడు ఊరు ఒడ్డున ఉందని పేరే చెప్తుంది. 

ఇక అసలు ఏ పేరు? రికార్డులో మచిలీపట్నం, నోట్లో బందరు. నా మ్యాప్‌లో రెండూ ఉన్నాయి, వెతికే పెట్టెలో ఏది కొట్టినా దొరుకుతుంది. ఇంగ్లిషు జాబితా తెచ్చి మెషీన్‌తో తెలుగులోకి మార్చిన పేర్లని మాత్రం ఒక్కొక్కటీ చేత్తో దిద్దాల్సిందే. ఇంగ్లిషులో ద కి, డ కి ఒకటే అక్షరం కాబట్టి గూడూరు వెళ్లి గుదురుగా తిరిగొస్తుంది. తన ఊరి పేరే తప్పుగా రాసిన మ్యాప్‌ని ఎవరూ నమ్మరు. నమ్మకపోవడమే సబబు.

దగ్గరికి వెళ్లే కొద్దీ

కాగితం పటానికి ఒకటే స్కేలు. డిజిటల్ మ్యాప్ అంటే నిజానికి ఇరవై దాకా మ్యాపులు. జూమ్ సున్నాలో ప్రపంచమంతా ఒక చదరపు పలకలో ఉంటుంది. ఒక్కో మెట్టు ఎక్కితే పలకలు నాలుగింతలు. పదో మెట్టులో 10,48,576 పలకలు. ప్రతి మెట్టులోనూ ముందు ఏది కనపడాలి అని మళ్లీ అడగాలి. దూరం నుంచి తీరం, పాయలు, పెద్ద ఊళ్లు. కాస్త దగ్గరికొస్తే షెల్టర్లు. ఇంకా దగ్గరికొస్తే షెల్టరు గేటు ఏ వైపుందో. దూరం నుంచి షెల్టర్లన్నిటినీ ఒక గుండ్రంలో కలిపి 12 అని అంకె వేస్తే, అది షెల్టర్ల సంఖ్యా, పట్టే మనుషుల సంఖ్యా అని అడిగినవాళ్లున్నారు. “12 షెల్టర్లు” అని మాటతో రాశాను. వేలు పెట్టాల్సిన గుర్తు చిన్నదైతే పక్కది తెరుచుకుంటుంది. ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు అడిగే 48 యూనిట్ల చోటు తడి వేళ్లకి మరీ అవసరం.

వెబ్ మ్యాపులు ఎక్కువగా వాడేది 1569 నాటి మెర్కేటర్ పద్ధతికి కొత్త రూపం. ధ్రువాల వైపు పోయే కొద్దీ నేల ఉబ్బుతుంది. గ్రీన్‌లాండ్ వైశాల్యం మన దేశంలో మూడింట రెండు వంతులే అయినా తెర మీద మనకంటే కొన్ని రెట్లు ఉంటుంది. మన దేశంలోపల కూడా శ్రీనగర్ దగ్గరి నేల కన్యాకుమారి దగ్గరి అంతే నేల కంటే సుమారు 40 శాతం పెద్దగా కనపడుతుంది. ఒక మండలం మ్యాప్‌కి ఈ గొడవ లేదు. దేశమంతా చూపించి వైశాల్యాలు పోల్చమంటే మాత్రం సమవైశాల్య పద్ధతికి మారండి.

తెలియనిదాన్ని గీయడం

తుపాను దారి చూపించే బొమ్మల్లో ముందుకి పోయే కొద్దీ వెడల్పయ్యే శంకువు ఒకటి ఉంటుంది. తుపాను కేంద్రం ఆ మేరలో ఎక్కడైనా వెళ్లవచ్చని దాని అర్థం. చాలామంది దాన్ని తుపాను సైజు అనుకుంటారు. శంకువు బయట ఉన్న ఊరు క్షేమం అనుకుంటారు. మధ్యలో సన్నటి గీత గీస్తే ఇంకా చిక్కు. ఆ గీత తమ ఊరికి పది కిలోమీటర్లు పక్కగా పోతోందని నిద్రపోతారు. గాలి, వాన, ఉప్పెన ఆ గీతని చూసుకుని రావు.

గట్టి అంచు అంటే “ఇక్కడిదాకా, అవతల లేదు” అని కన్నుకి ఒట్టు పెట్టినట్టు. అలా ఒట్టు పెట్టలేని చోట అంచుని కరిగించండి, రంగుని మెల్లగా లేతకి దించండి, గీతని ముక్కలు చెయ్యండి. నిండు గీత ఖాయమైనదానికి, ముక్కల గీత షరతులున్నదానికి అన్నది కన్నుకి ఎవరూ నేర్పక్కర్లేదు. ముంపు మ్యాప్‌లో నేను నీటి అంచుని గీతగా గీయడం మానేశాను. షరతుని ఒక మాటలో పక్కనే రాస్తాను. వివరణ పట్టికలో రాస్తే ఎవరూ చూడరు.

ఇదంతా చేశాక మ్యాప్‌ని మనుషులకి ఇవ్వండి. ఐదారుగురు చాలు, కానీ మీ ఆఫీసువాళ్లు వద్దు. ఐదు సెకన్లు చూపించి ఫోను తీసుకుని, ఏం కనపడింది అని అడగండి. తర్వాత ఫోను తిరిగిచ్చి ఒక పని చెప్పండి: మీ ఇంటి నుంచి షెల్టరుకి దారి చూపండి. ఆ తర్వాత నోరు మెదపకండి. అది చాలా కష్టం. వేలు తప్పు దారిలో పోతుంటే చెప్పెయ్యాలనిపిస్తుంది. తుపాను రాత్రి ఆ ఇంట్లో మీరు ఉండరని గుర్తుపెట్టుకుని ఆ వేలినే చూస్తూ ఉండండి.

కొత్త మ్యాప్ పట్టుకుని మళ్లీ నాగాయలంక వెళ్లాను. అదే బడ్డీ దగ్గర అదే పెద్దాయన. ఈసారి ఆయన వేలు నేరుగా ఊదా రంగు గుండ్రం మీదికి వెళ్లింది. “ఇది మన హైస్కూలు వెనకాలది కదూ,” అన్నాడు. నాకు గుండె నిండిపోయింది. ఆయన అక్కడితో ఆగలేదు. కింద నది మధ్యలో ఉన్న ఎదురుమొండి మీదికి వేలు జరిపాడు. అక్కడినుంచి నీళ్ల మీదుగా ఈవలి ఒడ్డుకి నేను గీసిన ముదురు బూడిద గీత వెంట మెల్లగా వచ్చాడు.

“ఇది రోడ్డా?”

“పంటు పడవ వచ్చే దారండీ.”

“మరి రోడ్డులాగే గీశావే? గాలి లేస్తే పంటు కట్టేస్తారు. ఆ పూట ఇది ఉండదు. అక్కడివాళ్లు ముందు రోజే దాటాలి.”

వానలో నడిచే రోడ్డుకీ, గాలి లేస్తే ఆగిపోయే పంటుకీ నేను ఒకే గీత వేశాను. ముక్కల గీత గురించి ఇంత తెలిసీ, రోడ్ల జాబితాలో పంటు దారి కూడా ఉంటే చూసుకోకుండా వేసేశాను. బడ్డీ బల్ల మీదే లాప్‌టాప్ తెరిచి ఆ గీతని ముక్కలు చేశాను. పక్కన ఏం రాయమంటారని ఆయన్నే అడిగాను. ఆయన చెప్పిన మాటలే ఇప్పటికీ ఆ మ్యాప్‌లో ఎదురుమొండి రేవు దగ్గర ఉన్నాయి: గాలి లేస్తే పంటు లేదు, ముందు రోజే దాటండి.